దీన్‌దయాళ్ తీసిన ముఖాలను హైదరాబాద్‌లో చూసే ఏర్పాటు కావాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా ఆగస్టు 19న మీ పత్రిక ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్‌కు ఒక పూర్తి పేజీ కేటాయించడం చూసి ఎంతో సంతోషించాను. జీవితమంతా స్టూడియోలో మనుషుల ముఖాలు తీస్తూ గడిపినవాణ్ని కాబట్టి ఆ పేజీని ఒకటికి రెండుసార్లు చదివాను. చార్మినార్, మహళ్లు, నిజాం వారి ఊరేగింపు, వేట శిబిరం, అన్నీ చక్కగా అచ్చయ్యాయి. కానీ స్టూడియో కుర్చీలో కూర్చున్న ఒక్క మనిషి ముఖమూ ఆ పేజీలో లేదు. ఆయన ఇద్దరు కొడుకుల పేర్లూ లేవు. ఈ రెండూ చిన్న లోపాలని సరిపెట్టుకోలేకపోయాను. దీన్‌దయాళ్ అన్నిటికన్నా ముందు మనుషుల ఫొటోగ్రాఫరు; ఆ పనిని తన ఇంటి పనిగా చేసుకుని, కొడుకుల చేతికి అందించిన తండ్రి. ఆయన తీసిన ముఖాలు ఈ నగరంలోనే, ఇక్కడి జనం ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకునేలా శాశ్వతంగా ఉండాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఆయన పుట్టింది 1844లో, మీరట్ దగ్గరి సర్ధనాలో, ఒక జైన కుటుంబంలో. ఫొటో తీసే విద్యను ఫ్రెంచి ప్రభుత్వం లోకానికి వెల్లడించి అప్పటికి ఐదేళ్లే అయింది. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజినీరింగ్ కళాశాలలో చదువుకుని, ఇందోర్‌లో ప్రజాపనుల శాఖలో అంచనాలు కట్టే, నక్షాలు గీసే ఉద్యోగంలో చేరారు. కెమెరా పట్టింది 1874 ప్రాంతంలో, అంటే ముప్పయ్యో ఏట. అంతకుముందు చేసిన నక్షాల పని వృథా పోలేదని ఆయన తొలి చిత్రాలు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. స్తంభం నిలువుగా ఉండాలి, గోడ అంచు వంగకూడదు, చట్రంలో ఖాళీ ఎక్కడ ఎంత ఉండాలో లెక్క ఉండాలి. కొలతలకు అలవాటుపడిన ఈ కన్నే తర్వాత మనిషిని కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు భుజం ఎంత తిప్పాలో, చేయి ఎక్కడ ఆన్చాలో ఆయనకు చెప్పిందని నా నమ్మకం.

ఇందోర్ మహారాజు తుకోజీరావ్ హోల్కర్, మధ్య భారతంలో బ్రిటిష్ గవర్నర్ జనరల్ ఏజెంటు సర్ హెన్రీ డేలీ ఆయన్ను ప్రోత్సహించారు. 1882లో బ్రిటిష్ అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగి కోటల్నీ గుడుల్నీ చిత్రించారు. 1885లో వైస్రాయి డఫరిన్ ఆయన్ను తన ఫొటోగ్రాఫరుగా నియమించారు. ఆ మరుసటి సంవత్సరాల్లోనే ఆయన సర్కారు ఉద్యోగం వదులుకుని, ఫొటోగ్రఫీనే వృత్తిగా పెట్టుకుని దక్కనుకు వచ్చారు, సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువు వదిలి, తర్వాత పింఛను కూడా ఆశించలేని పనిలోకి ఒక గృహస్థుడు అడుగు పెట్టడం ఎంత పెద్ద నిర్ణయమో స్టూడియోను నమ్ముకుని ఇల్లు నడిపిన మా వంటివారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి ఇరవై ఏళ్ల యువకుడు. ఆయన దీన్‌దయాళ్‌ను ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పెట్టుకున్నారు. 1894లో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అనే బిరుదు ఇచ్చారు. ఉస్తాదులకే ఉస్తాదని పొగుడుతూ దీన్‌దయాళ్ మీద నిజాం ఉర్దూలో ఒక షేర్, అంటే రెండు పాదాల పద్యం, చెప్పారని నేటికీ హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. 1897లో విక్టోరియా రాణి నుంచి కూడా ఫొటోగ్రాఫరుగా నియామక పత్రం వచ్చింది. అంతకు ముందే 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. గౌరవాల సంగతి మీ పేజీలో వివరంగానే ఉంది కాబట్టి మళ్లీ చెప్పను. ఆ గౌరవాలకు మూలమైన పని గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు మీ పాఠకులతో పంచుకుంటాను.

ఆ రోజుల్లో స్టూడియో అంటే ఒకవైపు అద్దాల గోడో, అద్దాల కప్పో ఉన్న పెద్ద గది. కరెంటు దీపం లేదు. మేఘం కమ్మితే పని ఆగిపోవలసిందే. ఉత్తరం నుంచి వచ్చే వెలుగును తెల్లని, నల్లని తెరలతో కొంచెం కొంచెంగా అదుపు చేస్తూ, ముఖంలో ఒక పక్కన వెలుగు, మరో పక్కన పలచని నీడ పడేలా చూడాలి. అద్దపు పలకకు మందు పూసి తడి ఆరకముందే తీసి, కడిగేయవలసిన పద్ధతిలో ఆయన పని మొదలైంది; హైదరాబాద్‌కు వచ్చేనాటికి ముందే తయారై పెట్టెల్లో వచ్చే పొడి ప్లేట్లు వాడుకలోకి వచ్చాయి. అయినా వచ్చినవారు ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చోవలసిందే. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు కూడా మన ఊళ్లలో నమ్మేవారు. అటువంటి భయంతో బిగుసుకుపోయి వచ్చిన మనిషిని కుదుటపరిచి, కళ్లలో బెదురు పోయేదాకా ఆగి, అప్పుడు లెన్సు మూత తీయడం ఓర్పుతో వచ్చే విద్య. దీన్‌దయాళ్ చిత్రాల్లో అమీర్లూ జాగీర్దార్లూ ఎంత నిబ్బరంగా కూర్చున్నారో, వారి పిల్లలూ అంతే నిబ్బరంగా ఉంటారు. పిల్లల్ని తీసి చూసినవారికి అది ఎంత కష్టమో తెలుస్తుంది.

ప్లేటు కడిగాక అసలు పని మొదలయ్యేది. నెగటివ్ టచింగ్ అనే ఆ పనిని డిజిటల్ కెమెరాలు వచ్చేదాకా మేమూ చేశాం. ఏటవాలు బల్లమీద నెగటివ్ పెట్టి, కింది అద్దం నుంచి వెలుగు పైకి కొట్టేలా అమర్చుకుని, గరుకు కాగితంమీద సూదిమొనలా చెక్కిన పెన్సిల్‌తో ముఖంమీది మచ్చల్నీ కంటికింది గుంటల్నీ చుక్క చుక్కగా నింపాలి. నెగటివ్‌లో నల్లగా కనిపించేది ప్రింటులో తెల్లగా వస్తుంది కాబట్టి చెయ్యి ఒక్క వీసం బరువైనా ముఖం సున్నం కొట్టినట్టు అవుతుంది. పోలిక చెడకుండా ముఖాన్ని తేట చేయడంలోనే టచింగ్ చేసేవాడి మర్యాద ఉంది. దీన్‌దయాళ్ స్టూడియో నుంచి వచ్చిన మంచి ప్రింట్లలో వయసు దాచరు. ముసలివారి నుదుటి గీతలు అలాగే ఉంటాయి, అలసట మాత్రం కొంత తగ్గి ఉంటుంది. ఈ పనికి ఆయన దగ్గర పదుల సంఖ్యలో సిబ్బంది ఉండేవారు. తీసేవారు, కడిగేవారు, టచింగ్ చేసేవారు, రంగులు వేసేవారు, అట్టకు అంటించేవారు, ప్లేటు మీది నంబరు రిజిస్టర్‌లో ఎక్కించేవారు. ఆ నంబర్ల క్రమశిక్షణ వల్లే ఈనాడు ఎన్నో ప్లేట్లు ఎప్పటివో పరిశోధకులు తేల్చగలుగుతున్నారు.

మీ పేజీలో తప్పక ఉండవలసిన మరో విషయం జెనానా స్టూడియో. 1892లో ఆయన హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచారు. దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల పనిచేసేవారంతా స్త్రీలే. పరాయి పురుషుడి కంట పడకూడని తల్లి, కూతురు, కోడలు తమ రూపాన్ని తాము చూసుకునేందుకు, ఇంటి గోడకు పెట్టుకునేందుకు వీలు కలిగింది. వ్యాపార లాభం ఆలోచించలేదని నేను అనను. స్టూడియో నడిపేవాడు లాభం చూసుకోక తప్పదు. కానీ ఒక ఇంటి చిత్రంలో సగం మంది ఎప్పటికీ లేకుండా పోతున్నారన్న సంగతి పట్టించుకున్నవారే ఇటువంటి ఏర్పాటు చేయగలరు. కుటుంబం అంటే మగవారి గ్రూపు ఫొటో మాత్రమే అనుకోని ఫొటోగ్రాఫరు ఆయన.

ఇక ఆయన సొంత కుటుంబం. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఇద్దరూ తండ్రి దగ్గరే పని నేర్చుకుని వ్యాపారంలో భాగస్వాములయ్యారు. సంస్థ పేరు ‘రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్’ అయింది. పేరుప్రతిష్ఠలు వచ్చిన కళాకారులు సంతకంలో మరొకరికి చోటివ్వడం అరుదు. ఆయన మాత్రం తన బిరుదు పక్కనే కొడుకుల్ని నిలబెట్టారు. అందువల్ల 1890ల తర్వాతి చిత్రాల్లో ఏది తండ్రి తీసింది, ఏది కొడుకు తీసింది, ఏది సిబ్బంది తీసింది అని విడదీయడం చాలాచోట్ల సాధ్యం కాదు. కొందరికి ఇది లోపంగా తోస్తుంది. నాకు మాత్రం ఇందులోనే ఆ ఇంటి పెద్దరికం కనిపిస్తుంది. చేనేతలో ఒక చీర వెనక ఇంటిల్లిపాది చేతులూ ఉన్నట్టే, ఆ స్టూడియో ప్రింటు వెనక కూడా ఇంటివారంతా ఉన్నారు.

1903 ఢిల్లీ దర్బారు చిత్రాలు తీసేనాటికి ఆ సంస్థ ఉచ్ఛస్థితిలో ఉంది. మరుసటి సంవత్సరం, 1904లో, ధరమ్‌చంద్ చనిపోయారు. 1905 జూలైలో దీన్‌దయాళ్ కూడా కన్నుమూశారు. ఒక ఏడాది వ్యవధిలో కొడుకు, ఆ వెంటనే తండ్రి పోయిన ఆ ఇంటి దుఃఖం గురించి చరిత్ర పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి కనిపించదు. చేతికి అందివచ్చిన కొడుకును పోగొట్టుకున్న తండ్రి మనసు ఎలా ఉంటుందో నేను వర్ణించనక్కర్లేదు. మిగిలిన కొడుకు జ్ఞాన్‌చంద్ సికింద్రాబాద్ స్టూడియోను నడిపారు. ఆ తర్వాతి తరాలవారు గాజు ప్లేట్లను పారేయకుండా, పాత గాజు కొనేవాళ్లకు అమ్మేయకుండా దాచారు. ఎందుకు ఈ మాట అంటున్నానంటే, పాత స్టూడియోలు మూతపడ్డప్పుడు ప్లేట్లమీది మందు గోకేసి, కడిగి, ఆ గాజును పటాలు కట్టడానికి వాడుకోవడం మా వృత్తిలో చాలాచోట్ల జరిగింది. ఎన్ని వేల ముఖాలు అలా కడిగిన నీళ్లలో కలిసిపోయాయో లెక్క లేదు. దీన్‌దయాళ్ ప్లేట్లు మిగిలాయంటే అది ఆ కుటుంబం పుణ్యమే.

1989లో ఆ కుటుంబం దగ్గర నుంచి 2857 గాజు నెగటివ్‌లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. అవి క్షేమంగా ఉండటానికి అదే మంచి దారి అని నేనూ ఒప్పుకుంటాను. గాజు ప్లేటుకు చల్లని, పొడి గది కావాలి, నిలువుగా నిలబెట్టే అరలు కావాలి, చేతొడుగులు వేసుకుని తీసే మనుషులు కావాలి. కాబట్టి ప్లేట్లను తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. నేను అడిగేది వాటి నకళ్లను. తెలంగాణ వారసత్వ శాఖ ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకుని, ఆ ప్లేట్లలో హైదరాబాద్, సికింద్రాబాద్, నిజాం రాజ్య జిల్లాలకు చెందినవాటి నాణ్యమైన డిజిటల్ ప్రతులను తెప్పించి, నగరంలో ఒక శాశ్వత ప్రదర్శనశాలలో పెట్టాలి. చౌమహల్లా ప్యాలెస్‌లో పాత ఛాయాచిత్రాలు కొన్ని చూడవచ్చు. కానీ అక్కడ రాజకుటుంబం కథే ప్రధానం, అది సహజం కూడా. స్టూడియో కథ, అందులో పనిచేసిన మనుషుల కథ చెప్పే చోటు వేరుగా ఉండాలి.

ప్రతులు మొత్తం ప్లేటువి కావాలని కూడా నేను పట్టుబడతాను. ప్రింటు చేసేటప్పుడు అంచులు కత్తిరించి అట్టకు అంటిస్తారు. ప్లేటు మొత్తం చూస్తే రంగులు వేసిన తెర ఎక్కడ ముగిసిందో, దాని వెనక గోడ ఎలా ఉందో, నేలమీద పరిచిన తివాచీ అంచు ఎక్కడుందో కనిపిస్తుంది. మహారాజులా కనిపించే మనిషి ఒక మామూలు గదిలో, తెరకు రెండు గజాల ముందు కూర్చుని ఉన్నాడని అప్పుడే తెలుస్తుంది. ఫొటోగ్రఫీ చదువుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం మరొకటి లేదు. హైదరాబాద్‌లోనే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ కోర్సు ఉంది. ఆ విద్యార్థులకు ఈ పని అప్పగిస్తే వారికి విద్య, మనకు చరిత్ర రెండూ దక్కుతాయి.

జిల్లాలవారికి కూడా ఇందులో వాటా ఉందని చెప్పడానికి ఒక చిత్రం ప్రస్తావిస్తాను. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ దంపతులు వరంగల్ దగ్గరి నెక్కొండకు వేటకు వచ్చినప్పుడు తీసిన ఫొటో ప్రపంచమంతా ప్రసిద్ధం. చచ్చిన పులి, దాని వెనక దొర, దొరసాని. వరంగల్ ప్రాంతం వాడినే అయిన నేను ఆ చిత్రం చూసినప్పుడల్లా ఆ పక్క చట్రంలోకి రాని మనుషుల గురించి ఆలోచిస్తాను. అడవి కలియతిరిగి పులిని తోలినవారు, గుడారాలు మోసినవారు, నీళ్లు తెచ్చినవారు మన ఊళ్లవారే అయి ఉంటారు. దీన్‌దయాళ్ సంస్థ నిజాం రాజ్యంలో కరవు సహాయక పనుల చిత్రాలు కూడా తీసింది. నెక్కొండ వంటి చోట ఆ వేట చిత్రం, ఈ కరవు చిత్రాలు పక్కపక్కన పెట్టి, తెలుగులో వివరంగా రాసి, పాఠశాల పిల్లలకు చూపితే ఎంత బాగుంటుంది! ఒకే ఫొటోగ్రాఫరు చేతిమీదుగా ఒకే కాలపు రెండు ముఖాలు వారి ముందుంటాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది. మనం చేయవలసినది ఇంకా చాలా మిగిలే ఉందని నా మనవి.

ప్రభుత్వం చేయవలసింది ఒకటైతే, ఇళ్లలో జరగవలసింది మరొకటి. దీన్‌దయాళ్ స్టూడియోలో ఫొటోలు తీయించుకున్నవారంతా నవాబులు కారు. కంటోన్మెంటు ఉద్యోగులు, వకీళ్లు, వర్తకులు, వారి భార్యాబిడ్డలు కూడా అక్కడికి వెళ్లారు. ఆ కార్డులు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. కాపీ తీయించుకోవడానికి ఒకాయన మా స్టూడియోకు తెచ్చిన కార్డు నాకు బాగా గుర్తుంది. అరచేతికన్నా కొంచెం పెద్దది, రొట్టెలా గట్టి అట్ట, కింద బంగారు రంగు అక్షరాల్లో స్టూడియో పేరు. కుర్చీలో తలపాగా పెట్టుకున్న పెద్దాయన, ఆయన మోకాలిమీద చెయ్యి వేసి నిలబడ్డ ఐదారేళ్ల పిల్ల. పిల్ల పాదం ఒక్కటే కొంచెం చెదిరింది; అదొక్కటే కదిలింది. తక్కినదంతా, పెద్దాయన శేర్వాణీ బొత్తాం రంధ్రం కుట్టుతో సహా, గీత గీసినంత స్పష్టంగా ఉంది. తెచ్చినాయనకు ఆ పెద్దమనిషి ఎవరో తెలుసు, ఆ పిల్ల పేరు మాత్రం తెలియదు. తెలిసిన ఆఖరి మనిషి అంతకు ముందు ఏడాదే పోయారట.

అందుకే మీ పాఠకులకు కొన్ని విన్నపాలు. మీ ఇంట్లో పాత కార్డు ఫొటోలు ఉంటే, ఇంట్లోని పెద్దవారిని ఈ వారమే కూర్చోబెట్టి అందులో ఎవరు ఎవరో అడిగి, వేరే కాగితంమీద రాసి, ఫొటోతో పాటు దాచండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకండి. ఒత్తిడికి గీతలు ముందుకు తేలతాయి. లామినేషన్ చేయించకండి. చిరిగిందని సెల్లోటేపు అంటించకండి. ఆ జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై కాగితంలోకి ఇంకుతుంది. దుమ్ము పట్టిందని తడిగుడ్డతో తుడవకండి. ఆనాటి ప్రింట్లు ఎక్కువగా కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితంమీద వేసినవి. తడి తగిలితే పై పొర దెబ్బతింటుంది. అట్టనుంచి ఫొటోను విడదీయకండి, ఎందుకంటే అట్టమీది స్టూడియో పేరు, చిరునామా, బిరుదులే అది ఏ కాలానిదో చెబుతాయి. ‘అండ్ సన్స్’ అని ఉన్నదా లేదా, బొంబాయి పేరు ఉన్నదా లేదా, రాణిగారి నియామకం ప్రస్తావన ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి సుమారుగా కాలం తేల్చవచ్చు. గోడకు తగిలించాలనుకుంటే కాపీ తీయించి తగిలించండి, అసలును బీరువాలో ఆమ్లం లేని (యాసిడ్ ఫ్రీ) కాగితపు కవరులో ఉంచండి. మామూలు ప్లాస్టిక్ కవరులో వద్దు.

చివరగా మీ పత్రికకు ఒక అభ్యర్థన. ఆదివారం సంచికలో నెలకొకసారైనా అర పేజీ కేటాయించి, పాఠకుల ఇళ్లలోని పాత స్టూడియో చిత్రాలను, అందులోని మనుషుల వివరాలతో అచ్చువేయండి. దీన్‌దయాళ్ స్టూడియో కార్డులతో మొదలుపెట్టి, ఆ తర్వాత విజయవాడ, రాజమహేంద్రవరం, వరంగల్, కర్నూలు వంటి ఊళ్ల పాత స్టూడియోల చిత్రాలనూ చేర్చవచ్చు. అసలు ఫొటోలు తపాలాలో పంపమని ఎవరినీ అడగవద్దు. ఫోనుతో తీసిన ప్రతి, అట్ట వెనకవైపు ప్రతి రెండూ పంపమంటే చాలు. వచ్చినవాటిలో ముఖ్యమైనవాటిని విశ్వవిద్యాలయంవారికో, వారసత్వ శాఖవారికో తెలియజేసే బాధ్యత కూడా పత్రిక తీసుకుంటే మేలు. వరంగల్, హనుమకొండ ప్రాంతం నుంచి వచ్చే చిత్రాల కాలం గుర్తించడంలో, పాడైనవాటికి కాపీ తీయించే విషయంలో నా వంతు సాయం ఉచితంగా చేస్తాను. నా చిరునామా ఈ లేఖ కవరుమీద ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టూడియో ఫొటోగ్రాఫర్,
హనుమకొండ.